పరస్థలమున మనవారి వెంట



తీర్థయాత్రకో, పెండ్లికో, పురుటికో దూరప్రయాణము చేయుట మనకు తెలిసినదే. ఒక బంతియాటకై వేయి కిలోమీటర్లు పోయి, ఎదిరిపక్షమువారి యూర, ఎదిరిపక్షమువారి నడుమ కూర్చుండి, సాయంకాలమునకు గెలుపునో ఓటమినో మూటగట్టుకొని మరలి వచ్చువారు కలరనిన మొదట నవ్వు వచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో శరత్కాలపు శనివారములందు వేలకొలది కుటుంబములు చేయు పని యిదియే. తమ కళాశాల జట్టు ఎచ్చట నాడునో అచ్చటికి తామును పోవుదురు.

మన తెలుగువారి పిల్లలనేకులు ఆ దేశపు విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. మొదటి యేట ఆ యాట నియమములైనను తెలియనివారు రెండవ యేట తోడివారితో కలిసి కారెక్కి పరస్థలపు పోటీలకు పోవుటయు కలదు. ఇచ్చటి తల్లులు "చదువుకొమ్మని పంపితిమి గాని యీ తిరుగుడేమి?" యని దిగులుపడుట సహజము. కావున ఈ నెల ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు ముచ్చటింపదలచితిని.

ముందుగా ఆట సంగతి. అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మనమెఱిగిన కాలిబంతి యాట కాదు. బంతి కోలగా, రెండు కొనలు మొనదేలి యుండును. దానిని చేతబట్టి పరుగెత్తుటయు విసరుటయు నెక్కువ, కాలితో తన్నుట తక్కువ. పక్షమునకు 11 మంది. ఆటస్థలపు నిడివి 100 గజములు. ఆగస్టు చివర మొదలై నవంబరు చివఱకు సాగు ఋతువులో పెద్ద కళాశాల జట్టొకటి సాధారణముగా 12 పోటీలాడును. అందు ఇంచుమించు సగము స్వస్థలమున, తక్కినవి పరస్థలమున జరుగును. ఆ ప్రాంగణముల పెద్దతనము మన యూహకందదు. మిషిగన్ విశ్వవిద్యాలయపు ప్రాంగణమున 107,601 మంది కూర్చుండుటకు చోటు కలదు. అట్టి చోట అతిథిపక్షమువారికి సామాన్యముగా దొరకునది ఒక మూల, కొన్నివేల చీట్లు మాత్రమే. చుట్టును లక్షమంది కేకలు, నడుమ ఈ పిడికెడుమంది. ఇంటనే యుండి టెలివిజనులో చూచినచో ఆట యింకను చక్కగా కనబడును. ఐనను వీరు పోవుదురు. ఎందుకు పోవుదురన్నదే మనము విచారింపవలసినది.

ఈ యాచారము ఆటతోపాటే పుట్టినది. అమెరికా కళాశాలల నడుమ జరిగిన మొదటి ఫుట్‌బాల్ పోటీ 1869వ సంవత్సరము నవంబరు 6వ తేదీన న్యూ బ్రన్స్‌విక్ పట్టణమున రట్గర్స్, ప్రిన్‌స్టన్ కళాశాలల విద్యార్థుల నడుమ జరిగెను. అప్పటి నియమములు వేఱు, పక్షమునకు 25 మంది. ప్రిన్‌స్టన్ విద్యార్థులు తమ ఆటగాండ్రతోపాటు ఆ యుదయమే రైలులో దిగిరి. తమవారిని గుర్తుపట్టుటకై రట్గర్స్‌వారు కొందఱు ఎఱ్ఱని గుడ్డలను తలపాగలుగా చుట్టుకొనిరి. చూడవచ్చినవారు నూఱుమందికి మించరు. ఆనాడు 6–4 తో రట్గర్స్ గెలిచెను. వారము తిరుగగానే ప్రయాణము తిరుగబడినది. ఈమాఱు రట్గర్స్‌వారు ప్రిన్‌స్టన్‌కు పోయి 8–0 తో ఓడి వచ్చిరి. మొదటి వారము అతిథిగా వచ్చినవారు రెండవ వారము ఆతిథేయులైరి. ఈ వంతుమాఱుటయే ఆ యాచారమున కంతకును ప్రాణము. నేడు మనము వారి గడపలో నిలిచినయెడల, రేపు వారు మన గడపకు వచ్చెదరు.

ఇది పరదేశపు వింతయని త్రోసివేయుటకు వీలులేదు. భాగవత దశమస్కంధమును శ్రద్ధగా చదివిన సోదరులకు ఇట్టి ప్రయాణ మొకటి తెలియును. కంసుడు మల్లరంగ మేర్పఱచి రామకృష్ణులను మథురకు పిలిపించినప్పుడు ఆ బాలకు లిద్దఱే పోలేదు. నందుడు గోపకులను పిలిచి, పాలు పెరుగు నేయి బండ్ల కెత్తించుకొని వారి వెంట తరలెను. ఊరివెలుపలి తోటలో విడిసిరి. మఱునాడు రంగస్థలమున కానుకలు సమర్పించి, గోపకులందఱు ఒక్క మంచెపై కూర్చుండిరి. చుట్టును మథురాపురి జనము, నడుమ ఒక్క మంచెమీద వ్రేపల్లెవారు. నేడు అమెరికా ప్రాంగణమున అతిథులకిచ్చు మూలను గూర్చి చదివినప్పుడు నాకు ఆ మంచెయే జ్ఞప్తికి వచ్చినది. నందాదులు ఆ బాలకులకు బదులుగా కుస్తీపట్టగలవారు కారు. వారు చేయగలిగినది అచ్చట నుండుట యొక్కటియే. తలయెత్తి చూచిన బాలకునికి జనసముద్రములో తనవారి ముఖములు కనబడుట సామాన్యమైన సహాయము కాదు. చాణూరుడు కూలిన పిమ్మట ఆ బాలకులు తమ తోడి గోపకుమారులనే రంగములోనికి లాగి వారితో కలిసి చిందులు త్రొక్కిరట. వెంట వచ్చినవారికి దక్కిన ఫలమదియే.

అదే ఘట్టమున మఱియొక విశేషము కలదు. కొండలవంటి మల్లులతో కోమలులగు బాలకులను పెనగించుట అధర్మమని, అట్టి సభలో కూర్చుండుటయే తగదని నోరు విప్పి పలికినది మథురాపుర స్త్రీలు. వారు అతిథిపక్షమువారు కారు, ఆ యూరివారే. ఆతిథేయధర్మమును ఆనాడు నిలిపినవారు స్త్రీలేయని మనము గర్వపడవచ్చును.

ఇక నేటి యాత్రికుల సంగతి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు రంగు ఎఱుపు. 2000వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన ఆ జట్టు ఇండియానా రాష్ట్రమునందలి నోటర్‌డామ్ విశ్వవిద్యాలయమున ఆడవలసి వచ్చెను. లింకన్ నగరమునుండి అచ్చటికి ఇంచుమించు 1000 కిలోమీటర్ల దారి. తమకిచ్చిన చీట్లు కొన్నివేలే యైనను, నెబ్రాస్కావారు ఎచ్చటెచ్చటనో చీట్లు కొనుగోలు చేసి, ఎఱ్ఱదుస్తులు ధరించి అసంఖ్యాకముగా వచ్చిరి. ఆనాటి ప్రాంగణమును చూచినవారికి అది ఎవరి యిల్లో తెలియరానట్లు ఎఱుపెక్కినది. ఆట అదనపు సమయము వఱకు సాగి 27–24 తో నెబ్రాస్కా గెలిచెను. దీనిని ఇప్పటికిని ఉభయపక్షములవారును చెప్పుకొందురు.

నోటర్‌డామ్ పక్షమున నా మనస్సును మిక్కిలి కదల్చిన సంగతి మఱియొకటి. ఆ జట్టు న్యూయార్కు నగరములోని యాంకీ స్టేడియమున సైనిక కళాశాల జట్టుతో 1925 మొదలు 1946 వఱకు ఒక్క యేడు తప్ప ప్రతి యేడును ఆడెను. ఇండియానా నుండి న్యూయార్కు మిక్కిలి దూరము. ఐనను ఆ నగరమున నోటర్‌డామ్‌కు అభిమానులు కొల్లలు. వారిలో ఎందఱో కష్టజీవులు, వలసవచ్చిన ఐరిష్ కేథలిక్ కుటుంబములవారు. ఆ కళాశాలలో చదువుట యటుండ దాని గడపయైనను త్రొక్కినవారు కారు. భూమిక్రింద నడచు సబ్‌వే రైలెక్కి ఆటకు వచ్చెడివారగుటచే వారికి "సబ్‌వే పూర్వవిద్యార్థులు" అను ముద్దుపేరు కలిగెను. కళాశాల మొగము చూడక ఇంటనే అక్షరములు నేర్చిన నావంటిదానికి ఈ మాట చదివినంత కన్ను చెమర్చినది. విద్యాలయము పట్టము పుచ్చుకొన్నవారిది మాత్రమే కాదు, తమ బిడ్డ యెన్నడైన అందు చదువునేమోయని ఆశపడు ప్రతి తల్లిదియు, ప్రతి తండ్రిదియు కూడ.

ఈ యాత్రలలో గృహిణులు మెచ్చదగిన భాగము భోజనము. ప్రాంగణపు వెలుపల వాహనములు నిలిపి, వాని వెనుక తలుపులు దించి, బల్లలు పఱచి, పొయ్యిలు వెలిగించి వండుకొని తినుటను వారు టెయిల్‌గేటింగ్ అందురు. మిసిసిపి విశ్వవిద్యాలయమున్న ఆక్స్‌ఫర్డ్ పట్టణమున గ్రోవ్ అను చెట్లతోపు కలదు. ఆటనాడు అందంతయు గుడారములే. కొందఱు బల్లలపై మంచి గుడ్డలు పఱచి, పూలు అమర్చి, గుడారపు కప్పునుండి దీపగుచ్ఛములను కూడ వ్రేలాడదీయుదురు. లూసియానా రాష్ట్రపు బాటన్‌రూజ్‌లో పెద్ద కడవలలో గంబో యను పులుసును, జంబలాయా యను అన్నమును వండుదురు. గంబో యను పేరు బెండకాయను దెలుపు ఆఫ్రికా పదమునుండి వచ్చినది. జంబలాయా మన పులావునకు దూరపు చుట్టము. ఎదిరిపక్షపు రంగుబట్టలు కట్టుకొని పోవు బాటసారిని చూచి వారు "పులికి ఎఱ" యని కేకవేసి వెక్కిరింతురు. ఆ వెక్కిరించిన చేతితోనే గిన్నెడు పులుసు పోసి యిత్తురు. మన పెండ్లిండ్లలో వియ్యాలవారి నడుమ సాగు సరసోక్తులును ఇట్టివే కదా!

ఆతిథేయులును అతిథులును ఒక్కటియగు ఘట్టమొకటి అయోవా సిటీలో కలదు. అచ్చటి కిన్నిక్ ప్రాంగణమున ఇంచుమించు 70,000 మంది పట్టుదురు. దాని ప్రక్కనే విశ్వవిద్యాలయమువారి పిల్లల వైద్యశాల ఎత్తైన భవనమున 2017లో తెఱవబడినది. దాని పై యంతస్తు కిటికీలనుండి ఆటస్థలము కనబడును. కఠినరోగములతో పోరాడు పసివారు తలిదండ్రులతో ఆ కిటికీలవద్ద కూర్చుండి ఆట చూతురు. ఆ యేటి ఋతువునందే, ఒక గృహిణి సూచన ననుసరించి, క్రొత్త యాచారము మొదలైనది. ఆట మొదటి పాదము ముగియగానే ప్రాంగణములోని వారందఱు లేచి ఆ కిటికీలవైపు తిరిగి చేతులూపుదురు. ఆటగాండ్రు, శిక్షకులు, న్యాయనిర్ణేతలు కూడ ఊపుదురు. అన్నిటికంటె ముఖ్యముగా, ఎదిరిపక్షమున వచ్చిన యాత్రికులును ఊపుదురు. వచ్చినవారి కది తమ యూరు కాదు, ఆ బిడ్డలు తమ రాష్ట్రమువారు కారు. ఐనను ఆ నిమిషమున పక్షభేదము లేదు. ఎన్నివందల కోసులు వచ్చిరో అన్నియు ఆ చేయూపుటకే వచ్చినట్లుండును.

సోదరులారా, మంచిని మాత్రమే చెప్పి చెడును దాచుట తగదు. అలబామా రాష్ట్రములో అలబామా, ఆబర్న్ విశ్వవిద్యాలయములకు వైరము మెండు. ఆబర్న్ పట్టణమున టూమర్స్ కార్నర్ అను కూడలిలో రెండు పాత ఓక్ వృక్షము లుండెడివి. జట్టు గెలిచిన దినమున జనము ఆ చెట్లపై తెల్లని కాగితపు చుట్టలు విసరి పండుగ చేసికొనెడివారు. 2010 నవంబరులో ఆబర్న్ 28–27 తో అలబామాను ఓడించెను. ఆ పిమ్మట అలబామా అభిమాని యొకడు ఆబర్న్‌కు పోయి, ఎవరికిని తెలియకుండ ఆ వృక్షముల మొదట విషము పోసెను. ఎంత ప్రయత్నించినను చెట్లు బ్రతుకలేదు. 2013లో వానిని కొట్టివేయవలసి వచ్చినది. ఆ మనుజుడు నేర మంగీకరించి చెఱసాలకు పోయెను.

ఇదియు పరస్థలమునకు పోవుటయే కాని, ఇది ఘోషయాత్ర. అరణ్యపర్వమున దుర్యోధనుడు ఆలమందలను చూచు నెపమున అడవికి తరలెను. నిజమునకు తన వైభవము చూపి పాండవులను కుములజేయుటయే వాని కోరిక. తుదకు గంధర్వునిచే కట్టువడి, ఆ పాండవులచేతనే విడిపింపబడెను. మనలో మనకు కలహము వచ్చినప్పుడు వారు నూఱుగురు, మనమేవురము. పరులు వచ్చినప్పుడు నూటయైదుగురమని ధర్మరాజు తలచెను. ఆబర్న్ చెట్ల విషయమునను అట్టి ధర్మబుద్ధి కలవారు లేకపోలేదు. అలబామా పక్షమువా రనేకులు సిగ్గుపడి, ఆ వృక్షములకై తామే విరాళములు ప్రోగుచేసిరి. నందుని ప్రయాణమునకును దుర్యోధనుని ప్రయాణమునకును దారి ఒక్కటియే కావచ్చును. నందుడు తనవారిని చూచుకొనుటకు పోయెను, దుర్యోధనుడు పరులను నొప్పించుటకు పోయెను. బయలుదేఱు నప్పుడే ఏది చేయబోవుచున్నామో మనస్సునకు తెలియును.

ఈ ప్రయాణములకు కొందఱు ప్రాణములనే వెలయిచ్చిరి. 1903 అక్టోబరు 31వ తేదీన పర్‌డ్యూ విశ్వవిద్యాలయపు జట్టును, అభిమానులను ఇండియానాపొలిస్‌కు గొనిపోవు ప్రత్యేకపు రైలు బొగ్గుబండ్లను ఢీకొనెను. ఆ రైలు వచ్చుచున్నదను వార్త ముందున్నవారికి అందకపోవుటయే కారణము. 17 మంది మరణించిరి, అందు 14 మంది ఆటగాండ్రు. వారి స్మృత్యర్థము విశ్వవిద్యాలయమున కట్టిన వ్యాయామశాలకు 17 మెట్లుంచిరి.

1970 నవంబరు 14వ తేదీ రాత్రి అంతకంటె ఘోరము జరిగినది. వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు మార్షల్ విశ్వవిద్యాలయ జట్టు నార్త్ కరొలినాలో ఆడి, 17–14 తో ఓడి, విమానములో తిరిగివచ్చుచుండెను. హంటింగ్టన్ విమానాశ్రయము దగ్గఱపడినంత, వానలో విమానము కొండచఱియపై కూలెను. 75 మందిలో ఒక్కరును మిగులలేదు. ఆటగాండ్రు 37 మంది. జట్టును ప్రేమించి వెంట పోయిన పురజనులు 25 మంది, వారిలో వైద్యులు కలరు, నగరపెద్దలు కలరు, దంపతులు కలరు. ఆ యొక్క రాత్రి 70 మంది పిల్లలు తలిదండ్రులలో ఒక్కరినైనను కోల్పోయిరి. 18 మందికి తల్లియు తండ్రియు ఇద్దఱును లేకపోయిరి. విశ్వవిద్యాలయపు ఆవరణలో వారి జ్ఞాపకార్థము జలయంత్రమొకటి కలదు. ప్రతి యేడు నవంబరు 14న జనము దాని చుట్టును చేరుదురు. అప్పుడు నీటి ధార నాపివేయుదురు. వసంతము వచ్చువఱకు అది మౌనముగా నుండును. మఱునాటి యేడు 1971 సెప్టెంబరులో, క్రొత్తగా కూర్చిన పిల్లల జట్టు స్వస్థలమున తమ మొదటి పోటీని చివరి క్షణమున 15–13 తో గెలిచినది. అభిమానులు ఆ పిమ్మటను జట్టు వెంట ప్రయాణములు మానలేదు.

దీనిని చదివి, "అందుకే పోవలదన్నాము" అని తల్లులనవచ్చును. నాకట్లు తోచదు. తీర్థయాత్రలలోను ప్రమాదములు కలవు, పెండ్లి బండ్లును బోల్తాపడినవి. బిడ్డ పోవుచున్నానని చెప్పినప్పుడు "ఎందుకు?" అని ప్రశ్నించుటకంటె "కారు నడపువా రెవరు? నిద్రలేక నడపుచున్నారా? రాత్రి బస యెచ్చట? తిరిగి ఎప్పుడు చేరుదువు?" అని యడుగుట మేలు. ఈ ప్రశ్నలు అడిగిన తల్లికి బిడ్డ నిజము చెప్పును. ఎందుకని నిలదీసిన తల్లికి చెప్పకయే పోవును. పులిహోర కలుపుకొనిపోమ్మని కూడ చెప్పవచ్చును, ఎంతదూరమైనను చెడదు, ఎదిరిపక్షమువారికిని పంచవచ్చును.

ఇక మన యూళ్ల సంగతి. మావారు ఉపాధ్యాయులగుటచే బడిపిల్లల పోటీల ముచ్చటలు నిత్యము మా యింట వినబడుచుండును. మన బడిలోనే ఆట జరిగినప్పుడు గోడలెక్కి చూచువారు వందలు. అదే జట్టు మండలపు పోటీకో జిల్లా పోటీకో పొరుగూరు పోయినప్పుడు వెంట పోవువా రెవరు? బాలుర వెంట నలుగురు మిత్రులైన పోవుదురు. బాలికల కబడ్డీ జట్టో ఖోఖో జట్టో ఆటోలో కిక్కిరిసి పోవును. వారితో ఒక్క ఉపాధ్యాయిని యుండును. అచ్చట ఆ యూరివారి కేకల నడుమ ఆడును, గెలిచినను ఓడినను చీకటిపడిన పిదప ఇల్లు చేరును. "ఏమాయె?" అని యడుగు దిక్కును ఒక్కొక్క యింట నుండదు. పదునాలుగేండ్ల పిల్ల క్రొత్తయూరి మైదానమున తలయెత్తి చూచినప్పుడు తనవారి ముఖ మొక్కటియు కానరాకపోవుట ఎంత వెలితి! రెండేండ్లట్లు ఆడి, మూడవ యేట "నాకీ యాట వలదు" అని యామె మానినచో, పిల్లకు పట్టుదల లేదని మనమనుచున్నాము.

కావున నా మనవి యిది. ఈ యేడు మీ బడి బాలికల జట్టు పొరుగూరు పోవునాడు తల్లులు ఇద్దఱు ముగ్గురైన వెంట పొండు. ఒక్కనాటి వంటపని సర్దుకొనుట కష్టమే గాని అసాధ్యము కాదు. ఇంటనున్న మగవారును ఒకపూట అన్నము వార్చుకొనగలరు. ఆట నియమములు తెలియనక్కఱలేదు. ఒక్క మంచెమీద కలిసి కూర్చుండుడు. మనపిల్ల పట్టు తప్పినను చప్పట్లు కొట్టుడు. ఎదిరిపిల్ల క్రిందపడినచో నవ్వకుడు, ఆమె తల్లియు అచ్చటనే యుండవచ్చును. పొరుగూరివారు మన బడికి వచ్చునాడు వారికి నీడయు మంచినీళ్లును చూపుడు.

అమెరికాలో సైనిక, నావిక కళాశాలల జట్లు 1890 నుండి పోటీపడుచున్నవి. మొదటి పోటీకి నావికులు ప్రయాణమై సైనికుల స్థలమునకే పోయి గెలిచి వచ్చిరి. నేటికిని ఆట ముగిసినంత ఉభయ జట్లును కలిసి ముందుగా ఓడినవారి విద్యార్థుల యెదుట నిలుతురు. వారి కళాశాలగీతము ముగియువఱకు గెలిచినవారును గౌరవముతో నిలిచి యుందురు. ఆ పిమ్మటనే గెలిచినవారి గీతము. ఇట్టి మర్యాద మన మండలపు పోటీలలోను ఆరంభింపవచ్చును. దానికి ధనమక్కఱలేదు, ప్రభుత్వపు టుత్తరువును అక్కఱలేదు. రెండూళ్ల తల్లు లచ్చట నున్న చాలును.